గింజ మేలుకున్నది

పిల్లలూ! మీ వంటింట్లో పెసర్ల డబ్బా ఉంటుంది గదా? అందులోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకొని చూడండి. గట్టిగా, నున్నగా, చిన్న పచ్చరాయిలాగా ఉంటుంది. కదలదు, మెదలదు. ఇది బతికి ఉన్నదా, చచ్చిపోయిందా అని ఎవరైనా అడిగితే మీరేమి చెబుతారు?

బతికే ఉన్నది. నిద్రపోతున్నది, అంతే. రాత్రి పడుకోబోయే ముందు కాసిని నీళ్లు పోస్తే చాలు, తెల్లవారేసరికి మేలుకోవడం మొదలుపెడుతుంది. మేలుకున్న గింజ తినడానికి బాగుంటుంది, ఒంటికీ మంచిది. అయితే ప్రతి గింజనూ లేపి తినగూడదు. ఈ రెండో మాట నాకు గట్టిగా నేర్పింది ఒక చిన్నపిల్ల. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు గింజను ఎలా లేపుతారో చూద్దాం.

ఈ పనిలో ఆరితేరినవాళ్లు మహబూబాబాదు చుట్టుపక్కల తండాలలో ఉండే లంబాడీ ఆడపిల్లలు. మహబూబాబాదునే మావైపు మానుకోట అంటారు. శ్రావణమాసంలో అక్కడ తీజ్ పండుగ జరుగుతుంది. పెళ్లికాని పిల్లలు చిన్న చిన్న బుట్టలు తెచ్చి, వాటిలో మట్టీ ఎరువూ కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నిటినీ ఒకచోట పందిరి మీద వరసగా పెట్టి, తొమ్మిది రోజులపాటు పూటపూటా నీళ్లు తెచ్చి, పాటలు పాడుతూ పోస్తారు. తొమ్మిదో నాటికి బుట్టల నిండా మొలకలు ఒత్తుగా లేచి నిలబడతాయి. ఆఖరి రోజున కొన్ని మొలకలు తుంచి అన్నదమ్ములకూ పెద్దలకూ ఇచ్చి, మిగిలినవాటిని ఊరేగింపుగా తీసుకుపోయి చెరువులో కలుపుతారు. మొలక ఏపుగా వస్తే మంచి జరుగుతుందని వాళ్ల నమ్మకం.

ఆ పండుగలోనే ఇంకొక వేడుక ఉన్నది. నానబెట్టిన శనగలను రేగుకొమ్మ ముళ్లకు గుచ్చాలి. ఆడపిల్లలు గుచ్చుతూ ఉంటే బావ వరసవాళ్లు కొమ్మను ఊపి అల్లరి పెడతారు. ఎండు శనగను ముల్లుకు గుచ్చడం ఎవరి తరమూ కాదు. నీళ్లు తాగి మెత్తబడితేనే ముల్లు దిగుతుంది. గింజ మేలుకోవడంలో మొదటి మెట్టు ఇదే.

గోధుమ మానుకోట పొలాల పంట కాదు. లంబాడీల పూర్వులు రాజస్థానం వైపునుంచి ఎడ్ల మీద ధాన్యమూ ఉప్పూ వేసుకొని ఊరూరా తిరిగిన వర్తకులు. ఆ గింజ కూడా ఆ దారినే వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ బుట్టను కాస్త శ్రద్ధగా చూడండి. దాన్ని కుండలాగా నీళ్లు నిలిచేట్టు చెయ్యలేదు. పోసిన నీరు మట్టిని తడిపి, మిగిలింది కిందికి కారిపోతుంది. కనుక గింజకు తడి ఉన్నది, గాలీ ఉన్నది. శ్రావణమాసపు వెచ్చదనం ఎలాగూ ఉన్నది. గింజ మేలుకోవడానికి కావలసినవి ఈ మూడే: నీరు, గాలి, కొద్దిపాటి వెచ్చదనం. చాలామంది పిల్లలు గింజలను గ్లాసెడు నీళ్లలో మూడు రోజులు అలాగే ఉంచి, "సారూ, మొలక రాలేదు, కంపు కొడుతున్నది" అని వస్తారు. గింజ మునిగిపోయింది మరి! అది కూడా మనలాగే ఊపిరి పీలుస్తుంది.

మీ ఇంట్లో వరి వేసేవాళ్లు ఉంటే ఈ విషయం మీ నాయనకు ముందే తెలుసు. వడ్లు ఒక రోజు నానబోసి, నీరు వార్చి, గోనెసంచిలో మండె కడతారు. మరునాడు ఆ మండెలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. ఎవరూ పొయ్యి పెట్టలేదు. ఆ వేడి గింజలు ఊపిరి పీల్చడం వల్ల పుట్టిందే.

సరే, మన పెసర్ల దగ్గరికి వద్దాం. గుప్పెడు చాలు. రాళ్లూ, విరిగినవీ, పుచ్చినవీ ఏరెయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కొని, గింజలను తాగే నీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగు రెట్ల నీళ్లు పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లవారి పైకి తేలినవాటిని తీసెయ్యండి, ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ ఒకసారి కడిగి, నీరంతా వార్చి, శుభ్రమైన నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి, చిల్లుల గిన్నెలో పెట్టండి. గుడ్డను ముందుగా మరిగే నీళ్లలో వేసి తీయమని అమ్మను అడగండి. మరిగే నీళ్ల జోలికి మీరు పోవద్దు. పొద్దున, సాయంత్రం, పడుకోబోయే ముందు మూట విప్పి, గింజలను మంచినీళ్లతో కడిగి, మళ్లీ కట్టాలి. ఎండాకాలంలో అయితే మరునాటికే తెల్లని ముక్కులు బయటికి వస్తాయి. పుష్యమాసపు చలిలో రెండు రోజులు పట్టినా కంగారు పడవద్దు. ముక్కు గింజంత పొడవు అయితే చాలు, తినడానికి సిద్ధం.

శనగలకు ఇంకా ఓపిక కావాలి. పెద్ద గింజ గనక పన్నెండు గంటలు నానాలి. బొబ్బర్లు తొందరగా వస్తాయి. ఉలవలలో మటుకు కొన్ని ఎంత నానబెట్టినా రాయిలాగే ఉండిపోతాయి. వాటి పైతోలు నీటిని లోపలికి రానివ్వదు. ఇది లోపం కాదు, జాగ్రత్త. అన్ని గింజలూ ఒకే వానకు మొలిచి, తరువాత వాన మొహం చాటేస్తే వంశమే పోతుంది గదా! అందుకని కొన్ని మరుసటి వాన దాకా నిద్రపోతాయి.

"పెసరపప్పు మొలకెత్తుతుందా?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. నన్ను ప్రతి ఏడూ అడిగేవారు. నేను జవాబు చెప్పకుండా రెండు గ్లాసులు ఇచ్చి, ఒకదానిలో పెసర్లు, ఇంకొకదానిలో పప్పు నానబెట్టమనేవాణ్ణి. మీరూ అలాగే చేసి చూడండి. నానిన పెసరగింజ తోలు ఒలిచి రెండు బద్దలు విడదీస్తే, ఒక చివర చిన్న కొక్కెంలాంటిది కనబడుతుంది. అదే పాప మొక్క. కిందికి పోయే భాగం ప్రథమ మూలం, పైకి పోయేది ప్రథమ కాండం. రెండు బద్దలు బీజదళాలు. అవి పాప మొక్కకు కట్టి ఇచ్చిన సద్దిమూట. పప్పు విసిరేటప్పుడు ఆ పాప మొక్క విరిగిపోతుంది. సద్దిమూట మిగిలింది గాని తినేవాడు లేడు!

గింజ మేలుకోగానే లోపల పెద్ద పని మొదలవుతుంది. సద్దిమూటలో ఉన్నది గట్టి పిండిపదార్థం. పాప మొక్క దాన్ని అలాగే తినలేదు. అందుకని ఎంజైములు అనే పనివాళ్లు తయారై, పిండిని చక్కెరగా, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విడగొడతాయి. మొలక కొంచెం తియ్యగా ఉండడానికి కారణం ఇదే. పొట్ట ఉబ్బరం చేసే కొన్ని చక్కెరలు కూడా ఈ పనిలోనే తగ్గిపోతాయి. ఇనుమును మన ఒంటికి అందనివ్వకుండా పట్టుకొని ఉండే ఫైటిక్ ఆమ్లం కూడా తగ్గుతుంది. ఇదంతా ఉన్నదాన్ని మార్చడమే. కాని ఒకటి మటుకు కొత్తగా పుడుతుంది. దాని కథ వినండి.

మొదటి ప్రపంచయుద్ధం రోజులు. 1915 డిసెంబరులో ఇప్పటి ఇరాక్ దేశంలోని కూట్ అనే పట్టణంలో బ్రిటిష్ సైన్యం ఒకటి ముట్టడిలో చిక్కుకున్నది. చుట్టూ తుర్కీ సేనలు. లోపల ఉన్నవారిలో చాలామంది మన దేశపు సిపాయిలే. నెలల తరబడి వాళ్లకు పండు లేదు, ఆకుకూర లేదు. వాళ్లకు చిగుళ్లు వాచి రక్తం కారసాగింది, కాళ్లు నొప్పులు, లేవలేని నీరసం. ఈ జబ్బును స్కర్వీ అంటారు. పండ్లలో, ఆకులలో ఉండే సి విటమిన్ దొరకకపోతే వస్తుంది. 1916 ఏప్రిల్ లో ఆ సైన్యం లొంగిపోయింది.

ఆ యుద్ధకాలంలోనే లండన్ లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త ఈ జబ్బు సంగతి పట్టుకున్నది. పండ్లూ కూరలూ దొరకని చోట సిపాయికి ఏమి పెట్టాలి? ఆమె గినీపందుల మీద పరీక్షలు చేసింది. మనలాగే అవి కూడా సి విటమిన్ ను తమ ఒంట్లో తయారుచేసుకోలేవు. ఎండు గింజలు తిన్నవాటికి స్కర్వీ వచ్చింది. అవే గింజలను నానబెట్టి, మొలకెత్తించి పెడితే రాలేదు! ఈ ఫలితాలను ఆమె, ఎలెన్ డెల్ఫ్ కలిసి 1919లో ప్రకటించారు. హారియెట్ చిక్ 102 ఏళ్లు బతికి 1977లో కన్నుమూసింది.

చూశారా చిత్రం! సి విటమిన్ ఎండు గింజలో దాదాపు లేనే లేదు. గింజ మేలుకొని తనకోసం తయారుచేసుకున్నది. పెరిగిన పెసర మొలకలు 100 గ్రాములు తీసుకుంటే సుమారు 13 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. జామపండు ముందు ఇది తక్కువే. కాని జామచెట్టు ఎండిన కరువులో కూడా గుప్పెడు గింజలు ఎవరి ఇంట్లోనైనా ఉంటాయి. 1940 ప్రాంతంలో అప్పటి పంజాబులోని హిసార్ జిల్లాలో కరువు వచ్చి స్కర్వీ వ్యాపించినప్పుడు జనానికి మొలకెత్తిన శనగలే పంచారు.

ఇక ఆ చిన్నపిల్ల సంగతి. జనగామ దగ్గర ఒక బడిలో నేను ఈ పాఠమే చెబుతున్నాను. గింజ మేలుకుంటే మంచి పదార్థం పుడుతుందని గొప్పగా చెప్పి ముగించాను. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"సారూ, మా బర్రె జొన్న పిలకలు మేసి సచ్చిపోయింది. మరి మనం మొలకలు తింటే ఏం గాదా?"

తరగతంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంటికి పాలిచ్చే బర్రె పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. జవాబు మాత్రం సరిగా తెలియదు. "రేపు చెబుతాను, కూర్చో అమ్మా" అన్నాను. ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను.

మన రైతులు దీన్ని నాము అంటారు. లేత జొన్నను, లేదా కోసిన మోడు నుంచి తిరిగి వచ్చిన పిలకలను, అందులోనూ వాన లేక వాడిన వాటిని పశువు మేస్తే ఉన్నట్టుండి ఊపిరాడక పడిపోతుంది. జొన్న మొక్క లేతగా ఉన్నప్పుడు ధురిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఆకును నమిలినప్పుడు దానిలోంచి సయనైడ్ విషం బయటపడుతుంది. ఎండు జొన్నలో ఇది దాదాపు ఉండదు. కనుక మీ ఇంట్లో జొన్నరొట్టె నిశ్చింతగా తినండి. గింజ మొలకెత్తిన కొద్ది రోజులలోనే లేత మొలకలో ఈ పదార్థం పేరుకుంటుంది. తనను మేయవచ్చే నోళ్లనుంచి కాపాడుకోవడానికి జొన్న చేసుకున్న ఏర్పాటు అది.

పెసర మేలుకొని విటమిన్ చేసుకున్నది. జొన్న మేలుకొని విషం చేసుకున్నది! మరునాడు తరగతిలో ఆ పిల్లను ముందుకు పిలిచి, నీ ప్రశ్నకు జవాబు ఇది, నిన్న నేను చెప్పిన పాఠం సగమే అని ఒప్పుకున్నాను. అప్పటినుంచి ఏ గింజలు అనేది చెప్పకుండా మొలకల పాఠం చెప్పలేదు.

కనుక గుర్తుపెట్టుకోండి: పెసర్లు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు మన పెద్దలు తరతరాలుగా మొలకెత్తించి తిన్నవి. రాగులు కూడా, మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండితో చంటిపిల్లలకు జావ కాస్తారు. జొన్న మొలకలు మాత్రం తినవద్దు. ఆముదాలు, గురివింద గింజలు మొలకెత్తించినా మానినా విషమే. నోటి దగ్గరికి రానివ్వవద్దు. మొలకలు వచ్చి పచ్చబడిన ఆలుగడ్డ కూడా కూరకు పనికిరాదు.

ఇంకొక ప్రమాదం పొలం ఉన్న ఇళ్లలో ఉంటుంది. భూపాలపల్లి వైపు ఒక బడిలో పిల్లలతో, "రేపు ఇంటినుంచి తలా గుప్పెడు గింజలు తెండి, మొలకెత్తించుకొని తిందాం" అన్నాను. ఒకడు రుమాలులో మొక్కజొన్నలు కట్టుకొచ్చాడు. ముచ్చటైన గులాబీరంగు! మిగతా పిల్లలంతా మూగి చూస్తున్నారు. గిన్నెలో నీళ్లు పోయగానే నీరంతా ఎర్రబడింది. నా గుండె గుభేలుమన్నది. అవి విత్తడానికి కొన్న సంచిలో మిగిలిన గింజలు. బూజు పట్టకుండా, పురుగు తినకుండా విత్తనాలకు మందు కలుపుతారు. దాన్నే విత్తనశుద్ధి అంటారు. మందు కలిపిన సంగతి తెలియడానికే ఎరుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ వంటి రంగులు వేస్తారు. ఎన్నిసార్లు కడిగినా అవి తినడానికి పనికిరావు, కోళ్లకు వేయడానికీ పనికిరావు. ఆ రోజు ఎవరూ నోట పెట్టలేదు గనక బతికిపోయాను. తప్పు ఆ అబ్బాయిది కాదు. "ఇంట్లో ఉన్న గింజలు" అన్నానే గాని "వంటింట్లో ఉన్న గింజలు" అని నేను అనలేదు.

ఈ మాటలు పిల్లలతోపాటు తల్లిదండ్రులూ చదవాలి. గింజకు ఏ తడి, ఏ వెచ్చదనం ఇష్టమో, సూక్ష్మజీవులకూ అవే ఇష్టం. అనుకూలమైన చోట ఒక బాక్టీరియా ఇరవై నిమిషాలకు రెండవుతుంది. లెక్క కట్టండి పిల్లలూ: గంటకు ఎనిమిది, మూడు గంటలకు 512, ఏడు గంటలు నిండకముందే పది లక్షలు దాటుతుంది! 2011లో జర్మనీలో మొలకల వల్ల ఒక భయంకరమైన విరేచనాల జబ్బు వ్యాపించి, వేలమంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. విచారిస్తే ఆ మొలకలు మెంతులవని, దూరదేశంనుంచి వచ్చిన గింజలతోనే ఆ క్రిమి వచ్చిందని తేల్చారు. చూడ్డానికి ఆ మొలకలు నిగనిగలాడుతూనే ఉండి ఉంటాయి.

అందువల్ల మూట జిగటగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా మొహమాటం లేకుండా ఎరువుగుంటలో పారెయ్యండి. మంచిగా ఉన్న మొలకలను కూడా పచ్చివి తినడం కంటే ఆవిరి మీద బాగా ఉడికించడం క్షేమం. చిన్నపిల్లలకూ, ముసలివాళ్లకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ, జబ్బుపడి లేచినవాళ్లకూ పచ్చివి అసలు పెట్టవద్దు. ఉడికిస్తే సి విటమిన్ కొంత పోతుంది, నిజమే; కొంత మిగులుతుంది కూడా. నిమ్మకాయ పిండితే ఆ లోటు తీరిపోతుంది. మన ఇళ్లలో గుడాలు చేసుకుంటాం గదా, అలాగే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పోపు వేసి చేయండి. మూడు నాలుగేళ్ల పిల్లలకు మొత్తం గింజలు పెట్టకుండా మెత్తగా మెదిపి పెట్టండి, గొంతుకు అడ్డం పడతాయి.

కొందరు తల్లిదండ్రులు మొలకెత్తిస్తే మాంసకృత్తులు పెరిగిపోతాయని అనుకుంటారు. నీళ్లు పోస్తే మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? 100 గ్రాముల ఎండు పెసర్లలో సుమారు 24 గ్రాములు ఉంటాయి. బాగా పొడుగ్గా పెరిగిన మొలకలు 100 గ్రాములు తూస్తే అందులో నీరే 90 గ్రాములు, మాంసకృత్తులు మూడు గ్రాములే. కనుక మొలకలు తింటున్నాడు గదా అని పిల్లవాడికి పప్పు, పాలు, గుడ్డు మాన్పించవద్దు. అవి వాటి పని చేస్తాయి, ఇవి వీటి పని చేస్తాయి.

పిల్లలూ, మీకొక పని. వంటింటి డబ్బాలోంచి సరిగ్గా నూరు పెసరగింజలు లెక్కపెట్టి తీసి, పైన చెప్పినట్టు మూటకట్టండి. మూడో రోజున ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. విత్తనంగా అమ్మే పెసర్లలో నూటికి కనీసం 75 మొలకెత్తాలని ప్రభుత్వ నియమం, వడ్లకు 80. మీ ఇంట్లోవి ఎన్ని వచ్చాయో పుస్తకంలో రాసుకోండి. పొలం ఉన్నవాళ్లు నాయనను అడిగి, ఈసారి విత్తబోయే విత్తనాన్నీ ఇలాగే నూరు గింజలు పరీక్షించండి. ఆ గింజలకు వేరే గుడ్డ, వేరే గిన్నె వాడాలి, పని కాగానే చేతులు కడుక్కోవాలి. నూటికి నలభయ్యే మొలిస్తే ఆ సంగతి దుక్కి దున్నక ముందే తెలియడం మంచిది గదా.

నూరు పెసర మొలకలలో ఇరవై మటుకు తినకుండా ఉంచండి. రెండు కొబ్బరిచిప్పలలో మట్టి నింపి, అడుగున చిల్లు పెట్టి, పదేసి మొలకలు నాటండి. ఒక చిప్ప కిటికీలో పెట్టండి, ఇంకొకటి చీకటిగా ఉండే పెట్టెలో మూసి పెట్టండి. రెండిటికీ ఒకే కొలత నీళ్లు పోయండి. అయిదో రోజున పక్కపక్కన పెట్టి, ఏది పొడుగ్గా ఉన్నదో, ఏది ఏ రంగులో ఉన్నదో చూడండి. పొడుగ్గా ఉన్నదే బలమైనదని ఎవరైనా అంటే, రెండిటినీ ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు ఆగమనండి.